మగ్గం పక్కన కొత్త పలక

గోపాలపట్నం మార్కెట్టు వెనక సందులో ఒక టైలరు షాపు ఉంది. దాని పైగదిలో నేనూ మా ఆడపడుచూ కలిసి జాకెట్ల మీద మగ్గం వర్కు చేస్తాం. మా ఇద్దరి మధ్య పని పంపకం మొదట్లోనే తేలిపోయింది. ఆమెకు గీయడం రాదు, నాకు కూర్చుని కుట్టే ఓపిక లేదు. అందుకని డిజైను నాది, కుట్టు ఆమెది.

డిజైను అంటే కస్టమర్లకు కనబడేది చివరి మెరుపే. దాని వెనక పని వేరే ఉంటుంది. ముందు బటర్ పేపరు మీద పెన్సిలుతో తీగలూ పువ్వులూ గీస్తాను. ఆ గీతల వెంట సూదితో సన్నటి చిల్లులు పొడుస్తాం. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పౌడరును దూది ఉండతో రుద్దితే, చిల్లుల్లోంచి దిగి గుడ్డ మీద చుక్కల గీత పడుతుంది. ఆ చుక్కల మీద మా ఆడపడుచు జరీ, పూసలు కుట్టుకుంటూ పోతుంది.

నాకు గీయడం ఎవరూ నేర్పలేదు. మాది పద్మనాభం వైపు పల్లె, వరి పండించే ఇల్లు. చిన్నప్పుడు ఇంటికి ఏ శుభలేఖ వచ్చినా, పెద్దవాళ్ళు ముహూర్తం చదివేశాక అది నాకే చెందేది. లోపలి ఖాళీ అట్ట మీద గీసుకునేదాన్ని. పెళ్ళిళ్ళ సీజను వస్తే నాకు కాగితాల పండగ. పెళ్ళయి పెందుర్తి వచ్చాక ఆ గీతలే తిండి పెడతాయని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

నాది ఎడమచేతి వాటం. ఎడమ నుంచి కుడికి గీసుకుంటూ పోతే, గీసినదాని మీదుగానే నా చెయ్యి జారుతుంది. సాయంత్రానికి చిటికెనవేలు నుంచి మణికట్టు దాకా పెన్సిలు నలుపు. ఇంటికెళ్ళే బస్సులో పైన కడ్డీ పట్టుకుంటే, పక్కవాళ్ళు ఒకసారి నా చేతిని, ఒకసారి నా మొహాన్ని చూసేవారు.

కిందటేడు వేసవిలో మా దగ్గరికి ఒక పెళ్ళికూతురు వచ్చింది. కంచరపాలెంలో ఉండే క్రిస్టియన్ కుటుంబం. ఆ అమ్మాయి ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తోంది. తెల్ల పట్టుచీర, తెల్ల జాకెట్టు. వీపు మీద ద్రాక్షతీగ రావాలి, గుత్తులు వేలాడాలి, మధ్యలో రెండు పావురాలు ఉండాలి. వినగానే నాకు హుషారొచ్చింది. నెమళ్ళూ ఏనుగులూ గీసి గీసి విసిగిపోయి ఉన్నాను.

మొదటి డిజైను చూసి చాలా బాగుందంది. ఇంటికెళ్ళి ఫోను చేసింది.

"అక్కా, పావురాలు ఎదురెదురుగా ఉన్నాయి కదా, అవి రెండూ ఒకే వైపు చూస్తే ఎలా ఉంటుంది?"

చెరిపి గీశాను. ఆ తర్వాత వాళ్ళమ్మకి తీగ సన్నగా కావాలనిపించింది. అదీ చెరిపి గీశాను. తర్వాత పెళ్ళికూతురే మా గదికొచ్చి, పావురాలు కూర్చుని కాకుండా ఎగురుతూ ఉంటే బాగుంటుందంది.

మా ఆడపడుచు మగ్గం దగ్గర నుంచే అంది: "పెళ్ళి కాకముందే ఈ పావురాలు ఇన్నిమాట్లు మొకాలు తిప్పుకుంతన్నాయేటి వదినా! పెళ్ళయ్యాక ఎలగ మరి?"

ఆ మాటకి పెళ్ళికూతురే ముందు నవ్వింది. నేను రబ్బరు పట్టుకుని మళ్ళీ రుద్దుతుంటే, అప్పటికే అరిగి పలచబడిన కాగితం సరిగ్గా పావురం మెడ దగ్గర చిరిగింది. తోక మీదుగా తీగ దాకా చీలిక పాకింది. మొత్తం మళ్ళీ మొదటి నుంచి గీయాలి.

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "సారీ అక్కా, నా వల్లే" అని, చిరిగిన అంచులు దగ్గరికి చేర్చి, "మీరొక డ్రాయింగ్ టాబ్లెట్ తీసుకోవచ్చు కదా?" అంది.

"టాబ్లెట్టా?" మా ఆడపడుచు సూది ఆపేసింది. "దేనికి? వదినకి ఏటయింది? బానే ఉంది కదా!"

పెళ్ళికూతురికి నవ్వాగలేదు. ఫోనులో బొమ్మ చూపించింది. నల్లటి పలక, దానికో పెన్ను. పలకని కంప్యూటర్‌కి తగిలించి, పెన్నుతో దాని మీద గీస్తే బొమ్మ తెర మీద వస్తుందట. వాళ్ళ ఆఫీసులో అందరి దగ్గరా ఉన్నాయట.

"ఎంత చెరిపినా చిరగదు అక్కా. మసి కూడా అంటుకోదు" అని నా చేతి వంక చూసింది.

చిరగదు అన్న మాట నా మనసులో నాటుకుపోయింది. ఆ రోజు కొత్త కాగితం మీద పావురాలు మళ్ళీ గీస్తున్నంతసేపూ అదే ఆలోచన.

మా ఆయన స్టీలు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఇంట్లోకి మిక్సీ కొనాలన్నా ముందు నెలంతా దాని గురించి చదివే మనిషి. ఆయన ఏ-షిఫ్టు దిగి ఇంటికొచ్చి అన్నం తింటుంటే విషయం చెప్పాను. అంతే, కంచం పక్కన ఫోను నిలబెట్టారు. మర్నాటి నుంచి మా ఇంట్లో ఫోను వీడియోల్లోంచి తెలుగులో కొందరు, హిందీలో కొందరు, ఇంగ్లీషులో ఇంకొందరు డ్రాయింగ్ టాబ్లెట్ల గురించి గడగడా మాట్లాడుతూనే ఉన్నారు. ఒకాయన ఇదే కొనమంటాడు, ఇంకొకామె అది తప్ప ఏదైనా కొనమంటుంది.

ఆదివారం మా ఆడపడుచు ఇంటికొచ్చినప్పుడు ఆయన పాఠం మొదలెట్టారు.

"ఇందులో మూడు రకాలు ఉన్నాయి. ఒకటి ఉత్త పలక. అందులో బొమ్మ కనబడదు, కంప్యూటర్లో కనబడతాది. రెండోది పలకలోనే తెర ఉంతాది, కానీ దానికీ కంప్యూటర్ కావాల. మూడోదానికి ఏటీ అక్కర్నేదు, అదే కంప్యూటర్. అన్నిటికన్నా ముక్యం ప్రెషరు. ప్రెషరు ఎంత ఎక్కువుంటే అంత మంచిదంట."

"కుక్కరేటి అన్నియ్యా?" అంది ఆమె.

"నువ్వు మజ్జిన మాటాడకు. పెన్ను నొక్కితే గీత లావుగా, తేల్చితే సన్నంగా పడాల. దాన్ని ప్రెషరంతారు."

"ఇంతోటి దానికి అదెందుకు, ఫోను మీద ఏలుతో గీసేత్తే పోద్ది కదా!"

అదీ చూద్దామని నా ఫోనులో గీశాను. ద్రాక్షగుత్తి గీద్దామంటే వేలు తెరని మొత్తం కప్పేస్తోంది. తీసి చూస్తే వంకాయ. ఇంకొకటి గీస్తే ఇంకో వంకాయ. ఆమె చూసి, "పోన్లే వదినా, జాకెట్టు మీద గుత్తొంకాయ ఏసెద్దాం" అంది. ఆయన పొలమారేలా నవ్వారు. ఫోను సంగతి అక్కడితో ముగిసింది.

మా ఆయన అప్పటికే తేల్చుకున్నారు. తెర ఉన్న పలకే కొనాలి, అందులోనూ పెద్దది. "ఒక్కసారే కొంతాం. సిన్నది కొని తరవాత ఏడిసీకన్నా, పెద్దది కొని కూకుంటే మేలు" అన్నారు. నాకు మాత్రం ఆ పెద్ద తెరని తలచుకుంటేనే భయం. బటర్ పేపరు ముందు నేను ఏనాడూ భయపడలేదు.

ఆయన వీక్లీ ఆఫ్ రోజు బండి మీద ద్వారకానగర్ వెళ్ళాం. అక్కడ కంప్యూటర్ సామాను అమ్మే ఒక షాపులో ఈ పలకల్ని బల్ల మీద పెట్టి ఉంచారు, ఎవరైనా గీసి చూసుకోవచ్చు. చూపించడానికి ఒక అమ్మాయి ఉంది. మేం ఏం అడిగినా విసుక్కోలేదు.

ముందు తెర లేని పలక. పెన్ను అందుకుని తీగ గీయబోయాను. తెర మీద ఏదో పెద్దదైంది, ఇంకేదో మాయమైంది. మళ్ళీ పెన్ను ఆనించాను. ఈసారి అంతా తెల్లబడింది.

"పాడుసేసీనాను కాబోలు" అని పెన్ను కింద పెట్టేశాను.

ఆ అమ్మాయి నా చెయ్యి చూసింది. "మీది లెఫ్ట్ హ్యాండా మేడమ్? బటన్లు మీ చేతి కింద పడ్డాయి, అంతే." పలకని కిందా మీదా తిప్పి పెట్టింది. కంప్యూటర్లో ఎక్కడో ఎడమచెయ్యి అని మార్చింది. బటన్లు కుడివైపుకి పోయాయి. చిన్నప్పటి నుంచీ కత్తెర దగ్గర నుంచి కుర్చీకి అతికిన బల్ల దాకా అన్నీ కుడిచేతి వాళ్ళవే చూశాను. నా కోసం ఒక వస్తువు తిరగబడి కూర్చోవడం అదే మొదటిసారి. సగం మనసు అక్కడే పడిపోయింది.

కానీ గీత మాత్రం రాలేదు. చెయ్యి కింద ఉంది, గీత ఎదురుగా తెర మీద ఉంది. చేతిని చూస్తే గీత ఎటో పోతుంది. గీతను చూస్తే చెయ్యి ఎక్కడుందో తెలియదు. నేను గీసిన తీగ బురదలో కోడి నడిచినట్టు ఉంది. మా ఆయన "ఇలా తే" అని పెన్ను తీసుకుని అ అక్షరం రాయబోయారు. అది పడుకుంది. లేపబోతే ఇంకాస్త దొర్లింది. ఆయనే నవ్వి పెన్ను ఇచ్చేశారు.

తర్వాత తెర ఉన్నది. దాని మీద పెన్ను ఆనించిన చోటే గీత పడుతుంది. పావురం రెక్క ఒక్క ఊపులో వచ్చింది. మా ఆయన కళ్ళు మెరిశాయి. నాకూ ఎంతో నచ్చింది, అబద్ధం ఎందుకు. కానీ వెనక నుంచి వైర్లు గుంపుగా దిగి ఉన్నాయి, దానికి వేరే కరెంటు కావాలి, ఎత్తబోతే బరువు. మూడోది అన్నీ తనలోనే ఉన్న టాబ్లెట్. చేతిలో పట్టుకుంటే ముచ్చటేసింది గానీ, అద్దం మీద పెన్ను జర్రున జారిపోయింది. కాగితం గరుకుకి అలవాటైన చెయ్యి, నూనె రాసిన పెనం మీద పెట్టినట్టు తడబడింది. దాని ధర విని మా ఆయన కూడా మర్యాదగా ఒకడుగు వెనక్కి వేశారు.

కొనకుండానే వచ్చేశాం. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బండి ఆగినప్పుడు ఆయన తల వెనక్కి తిప్పి అడిగారు.

"ఏటి, ఒక్కటీ నచ్చనేదా?"

"నచ్చిందో నేదో నా సేతికి ఇంకా తెల్దండి."

"మరి సేతికెప్పుడు తెలుత్తాది?"

దానికి జవాబు మర్నాడు గదికి వెళ్ళాక తట్టింది. మా పనిలో కొత్త కొలతని నేరుగా పట్టు మీద కత్తిరించం. ముందు కాగితం కత్తిరించి ఒంటికి ఆనించి చూస్తాం. పలకకి కూడా అదే చేస్తే పోయేదేముంది? చీరల డబ్బాల అట్టలు తీసుకుని, షాపులో చూసిన సైజుల్లో చిన్నది, మధ్యరకం, పెద్దది కత్తిరించాను. ఆ అట్టల మీద మూత పెట్టిన పెన్నుతో ఉత్తినే గీస్తూ కూర్చున్నాను.

కొన్నాళ్ళు అట్టలతోనే కాపురం చేశాను. పెద్ద అట్టకి మా గదిలో చోటే దొరకలేదు. మగ్గానికీ గోడకీ మధ్య నేను కూర్చునేది మూరెడు సందులో. అట్ట ఒకవైపు గోడకి, ఒకవైపు మగ్గం కాలికి కొట్టుకుంది. కింద పెడితే మా ఆడపడుచు దాని మీద టీ గ్లాసు పెట్టేసింది. చిన్న అట్ట ఎక్కడైనా ఇమిడింది. అయితే మామిడిపిందె వంపు గీయాలంటే నా చెయ్యి మోచేతి దగ్గర నుంచి తిరుగుతుంది. ఆ ఊపుకి పెన్ను అట్ట దాటి చాప మీదకి పోయేది. మధ్యరకం అట్ట మాత్రం నేను ఎప్పుడూ ఒళ్ళో పెట్టుకునే చెక్క మీద సరిగ్గా కూర్చుంది. ఎదురుగా స్టూలు మీద మా అమ్మాయి పాత ల్యాప్‌టాప్ పెట్టుకునేంత చోటు కూడా మిగిలింది.

ఒక మధ్యాహ్నం మా ఆయన అటుగా వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. నేను సిరా దిగని పెన్నుతో వట్టి అట్ట మీద శ్రద్ధగా గీస్తున్నాను.

"ఇదేటే? అట్ట మీద ఆడుకుంతన్నావా?"

"కొలత సూత్తన్నానండి. మజ్జిదే సరిపోతాది. తెర నేనిదే."

"తెర నేకపోతే ఎలగ గీత్తావు? షాపులో సూసాను కదా నీ తీగ!"

"తెరున్నది ఈ సందులో ఎక్కడ పెడతానండి? మజ్జానం కరెంటు పోతే అది పలకా కాదు, పళ్ళెమూ కాదు."

ఆయన కూర్చుని గదిని నాలుగు వైపులా చూశారు. పెద్ద అట్టని తనే ఎత్తి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూశారు. టీ తాగి, "సరే, మజ్జిదే" అన్నారు. మనిషి మొండి కాదు, కొలత చూపిస్తే వింటారు. కానీ తీగ గురించి ఆయన అన్నది నిజం. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట పెట్టి గీయడం నాకు వస్తుందా రాదా అన్నది అట్ట చెప్పలేదు.

ఆ వారం పూసలు కొనడానికి నేనూ మా ఆడపడుచూ పూర్ణా మార్కెట్ వెళ్ళాం. పని తొందరగా అయిపోయింది. ఇంకొక్కసారి గీసి చూస్తానని ఆమెను ద్వారకానగర్ తీసుకెళ్ళాను. షాపమ్మాయి నన్ను గుర్తుపట్టి, అడగకుండానే మధ్యరకం పలకని ఎడమచేతికి తిప్పి పెట్టింది. నేను కూర్చున్నాను. మళ్ళీ అదే కోడి, అదే బురద. నాలో నేనే విసుక్కుని లేచి, ఆ అమ్మాయితో తెర ఉన్నవాటిలో చిన్న సైజు ఏమైనా దొరుకుతుందా అని మాట్లాడుతున్నాను.

వెనక నుంచి "వదినా, ఇలగేనా?" అని వినబడింది.

తిరిగి చూస్తే మా ఆడపడుచు కుర్చీలో కూర్చుని, చూపు తెర మీదే ఉంచి, తాపీగా గీతలు గీస్తోంది. బొమ్మ ఏమీ కాదు. ఆమెకు బొమ్మ రాదు. ఉత్త గీతలే, వంపులే. కానీ ఎక్కడ మొదలెట్టాలనుకుందో అక్కడే మొదలవుతున్నాయి, ఎక్కడ ఆపాలనుకుందో అక్కడే ఆగుతున్నాయి. గీత చివర తెచ్చి గీత మొదలుతో కలిపేసింది. అదీ ఒక్కసారి కూడా చేతి వంక చూడకుండా.

"నీకెలగ వచ్చింది పిల్లా!"

"ఓలమ్మ, ఇందులో కష్టమేటి? మగ్గం మీద కుడిసెయ్యి పైనుంతాది, ఎడంసెయ్యి గుడ్డ కిందుంతాది. కిందనుంచి దారం అందిత్తాది. అదేటి సేత్తందో నానెప్పుడైనా సూసానా? సూపు పైనే ఉంతాది. నువ్వు సేతిని సూడ్డం మానీయి."

ఇన్నేళ్ళుగా ఆమె ఎదురుగా కూర్చుని గీస్తున్నాను. గుడ్డ కింద ఒక చెయ్యి ఉందన్న సంగతే నాకెప్పుడూ తట్టలేదు. సరే, చూడనని కూర్చున్నాను. రెండు గీతలు గీసేసరికి చూపు దానంతటదే కిందికి దిగింది. అది చూసి ఆమె తన చున్నీ తీసి, నా చేతి మీదా పలక మీదా కప్పేసింది.

"ఇప్పుడు సూడు, ఏటి సూత్తావో!"

చూడడానికి ఏమీ లేదు. పూలపూల చున్నీ తప్ప. ఇక తల ఎత్తక తప్పలేదు. తెర మీద చిన్న చుక్క కదులుతోంది. నేను కదిలిస్తేనే కదులుతోంది. దాన్ని మెల్లగా పైకి పోనిచ్చి, పక్కకి వంచి, చివర చుట్ట తిప్పాను. ద్రాక్షతీగ. కాస్త వణికింది గానీ తీగే. పక్కన ఆకు వేశాను. చున్నీ కింద నా చెయ్యి దాని పాటికి అది పోతోంది. షాపమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పక్క బల్ల దగ్గర కంప్యూటర్ చూసుకుంటున్న వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. చున్నీ కప్పి గీస్తే బాగా వస్తుందేమోనని ఒకాయన సీరియస్‌గా అడిగారు కూడా.

అక్కడికక్కడే కొనేశాం. బయటికొచ్చి మా ఆయనకు ఫోను చేశాను. బి-షిఫ్టుకి బయల్దేరుతున్నారు.

"నాను నేకండానే కొనేసారా?" అవతల టిఫిన్ క్యారేజీ మూత గట్టిగా పడిన చప్పుడు. తర్వాత, "బిల్లు జాగర్త. డబ్బా సింపేయకండి" అన్నారు. అంటే కోపం పోయిందని అర్థం.

పలకని మా అమ్మాయి వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌కి తగిలించాం. చుక్క కదిలింది, గీత పడింది. కానీ ఎంత నొక్కినా, ఎంత తేల్చినా ఒకే లావు గీత. ద్రాక్షతీగ కాస్తా కొబ్బరితాడులా ఉంది. షాపులో బాగానే ఉంది కదా, ఇక్కడికొచ్చేసరికి ఏమైందని నేనూ మా ఆడపడుచూ మొహాలు చూసుకున్నాం. అదిగో, అక్కడ అక్కరకొచ్చాయి మా ఆయన చూసిన వీడియోలన్నీ. మర్నాడు పొద్దున్నే గదికొచ్చి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కంపెనీ వాళ్ళ సైటులోంచి ఏదో దించారు. ల్యాప్‌టాప్‌ని ఆపి మళ్ళీ పెట్టారు.

"ఇప్పుడు గియ్యి."

తేల్చి మొదలెట్టాను. వెంట్రుక లాంటి గీత. నొక్కుతూ పోయాను. నిండుగా ఊరింది. మళ్ళీ తేల్చాను. మొనలా ముగిసింది.

"అదే ప్రెషరు!" అన్నారు చెల్లెలి వంక చూసి. "ఊరికినే సూత్తన్నాననుకున్నారు మీరు."

"కుక్కరు కూసింది అన్నియ్యా" అంది ఆమె.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, డిజైను ఇంకా ఖాయం చెయ్యని పెళ్ళికూతురు వచ్చింది. పలకని చూసి నాకంటే ఎక్కువ సంబరపడింది. చాప మీద నా పక్కన చేరి, "అక్కా, మధ్యలో ఒక గీత పెట్టుకుంటే, ఒకవైపు గీసింది రెండోవైపు అదే వస్తుంది. చూడండి" అని ఏదో నొక్కింది. నేను కుడివైపు తీగ లాగాను. ఎడమవైపు ఇంకో తీగ దానంతటదే, అద్దంలో నీడలా, నాతో పాటే ఎగబాకింది. ఇన్నేళ్ళుగా జాకెట్టు రెండు చేతులకీ రెండు సార్లు గీసి, కాగితం మడిచి, వెలుతురుకి పట్టి చూసి, ఒక ఆకు ఎక్కువైందని తిట్టుకున్నదాన్ని. నా గొంతులోంచి కేక వచ్చేసింది. కింద నుంచి టైలరు మెట్లెక్కి వచ్చి, "ఏటైందమ్మా, కరెంటు కొట్టిందేటి?" అని అడిగాడు. ఏం కాలేదని ఆకు గీసి చూపించాను. ఆయన కూడా కాసేపు నిలబడి చూసి వెళ్ళాడు.

చిరగని కాగితం దొరికింది కాబట్టి పెళ్ళికూతురికి మొహమాటం పోయింది. పావురాల్ని పెద్దవి చేయించింది, చిన్నవి చేయించింది, మూడోది తెప్పించి పంపించేసింది. నేను విసుక్కోలేదు సరికదా, నాకే సరదా వేసి, "ఇలగైతే?" అని నేనే రెండు రకాలు ఎక్కువ చూపించాను. చివరికి మా ఆడపడుచే మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడింది. "మీరిద్దరూ ఇలగే ఆడుకుంతా కూకుంటే పెళ్ళి రోజుకి పెళ్ళికూతురు ఈ ల్యాప్‌టాప్ ఏసుకుని ఎల్లాల" అంది. అప్పుడు తేలింది. వీపంతా ద్రాక్షతీగ, చెరో చేతి మీద చెరో పావురం, రెండూ వీపు వైపు ఎగిరి వస్తున్నట్టు.

మార్కెట్టులో ప్లాన్లు జిరాక్సు తీసే చోట డిజైనుని అసలు కొలతలో ప్రింటు తీయించాను. దాన్ని బటర్ పేపరు కింద పెట్టి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచాం. ఆ పని మాత్రం ఇప్పటికీ చేతిదే. కిరోసిన్ వాసన కూడా అదే.

పెళ్ళికి మా ముగ్గుర్నీ పిలిచారు. చర్చిలో మేం వెనక వరసలో కూర్చున్నాం. పెళ్ళికూతురు మా పక్క నుంచి నడిచి ముందుకు వెళ్ళింది. ముసుగు పలచగా ఉంది, దాని కింద నుంచి తీగ లీలగా కనబడుతోంది. తలుపులోంచి పడే ఎండకి ద్రాక్షల్లో పూసలు ఒక్కొక్కటే మెరిసి ఆరుతున్నాయి. మా ఆడపడుచు నా చెవిలో గొణిగింది:

"అందరూ పెళ్ళికూతురి మొకం సూత్తన్నారు వదినా. మనవే ఈపు సూత్తన్నాం."

నాకు నవ్వాగలేదు. మా ఆయన మోచేత్తో పొడిచారు.

తర్వాత పని పెరిగింది. డిజైను ఫోనులో పంపితే గాజువాక నుంచి, మధురవాడ నుంచి కూడా అడుగుతున్నారు. అది ఒక ఎత్తు. నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. శుభలేఖల రోజుల తర్వాత నా కోసం నేను బొమ్మ గీసుకోవడం ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు. బటర్ పేపరు పనికి కొన్నది, ఊసుపోకకి వాడితే దండగ అనిపించేది. ఈ పలక మీద దండగ అన్నదే లేదు. రంగులు కూడా అందులోనే ఉన్నాయి, ఎంత వాడినా అయిపోవు. పని లేని మధ్యాహ్నాల్లో ఏదో ఒకటి గీస్తున్నాను. కింద టైలరు మెషీను గీశాను. వాన వస్తే మార్కెట్టులో కూరగాయల మీద కప్పే నీలం పట్టాలు గీశాను. షిఫ్టు దిగి వచ్చి బూట్లు విప్పుకుంటున్న మా ఆయన్ని గీస్తే, దాన్ని తన ఫోను తెర మీద పెట్టుకుని ఫ్యాక్టరీలో అందరికీ చూపించారు.

మొన్న మా ఆడపడుచునే గీశాను. మగ్గం మీద వంగి ఉంది, కుడిచెయ్యి పైన, సూది పట్టుకుని. ఎడమచెయ్యి కూడా గీశాను, గుడ్డ పలచగా ఉన్నట్టు చూపించి, కింద దారం అందిస్తున్నట్టు. జరీకి పసుపు రంగు వేసి, అయిపోయాక పిలిచి చూపించాను. చేతులు కడుక్కుని వచ్చి మరీ చూసింది. తెర దగ్గరికి వంగి జరీ కుట్లు వేలితో లెక్కపెట్టింది.

"సెయ్యి బాగుంది" అంది చివరికి. "ముక్కే... ఇంత ఉందేటి నాకు?"

"ఉన్నదే గీసాను పిల్లా."

"తగ్గించీ వదినా. సిరగదు కదా."

తగ్గించాను. ఆమె ల్యాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకుని, తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచి చూసింది. పక్కనున్న అద్దంలో మొహం చూసుకుని వచ్చి మళ్ళీ చూసింది.

"ఇదెవుల్దో ముక్కు. నాది నాకు పెట్టీ" అంది.